బర్రె తాగని నీళ్లు

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చిన కొత్తలో మాట. నేను నీటి కాలుష్యం మీద పరిశోధన చేసే కెమిస్టుని. అక్కడికి దగ్గర్లో, ఫ్యాక్టరీ పక్కనున్న ఒక ఊరి కుంటలో తీసిన నీళ్ల సీసాలను ఐసుపెట్టెలో సర్ది, ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. మూడు నెలలుగా ఆ నీళ్లలో ఏ దోషమూ దొరకలేదు. మర్నాడు నివేదికలో అదే రాసిచ్చేయాలి.

అదే ఊళ్లో పాలక్యాన్లతో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చుంది.

"ఏంది బిడ్డా, చేపలా?"

"మీ కుంట నీళ్లమ్మా. పరీక్షకు."

"వాన పడ్డ తెల్లారి తీసినవా?"

వాన నీళ్లు కలిస్తే లెక్క తప్పుతుందని, అలాంటి రోజుల్లో తీయనని గొప్పగా చెప్పాను.

"ఫ్యాక్టరీ నీళ్లు గప్పుడే ఇడుస్తరు బిడ్డా. మా బర్రె గిట్ల జేస్తది" అంటూ ఆమె తల వంచి, పెదవులు బిగించి, చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఎంత దూపైనా తాగది."

సాతంరాయిలో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

నివేదిక ఆపాను. వాన పడ్డ మర్నాడు వెళ్లి నీళ్లు తెచ్చాను. ల్యాబులో రెండు రోజులు కూర్చుని నేను తేల్చింది, ఆ బర్రె ఒక్క క్షణంలో చెప్పిందే.

ఇప్పటికీ ఏ చెరువు గట్టు మీదికి వెళ్లినా ముందు అడుగుతాను, "ఇక్కడ పశువులు తాగుతున్నాయా?" అని. జవాబు వచ్చేదాకా సీసా మూత తీయను.