రగ్గులో చుట్టిన మంచుగడ్డ

కరోనా తర్వాత బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది జూన్‌లో, నేను సైన్సు ల్యాబు అటెండరుగా ఉన్న పద్మారావు నగర్ హైస్కూలుకు శ్రావణి అనే కొత్త టీచరు వచ్చింది. ఏడో తరగతి సైన్సు ఆమెకిచ్చి, ఆమె పీరియడ్లకు నన్ను వేశారు.

అటెండరంటే సీసాలు కడిగే మనిషని అందరూ అనుకుంటారు. కడగడం నిజమే. అసలు పని మాత్రం ప్రయోగం ఫెయిలు కాకుండా చూడటం. నేను చదివింది ఐదో తరగతి. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు, చేస్తూ నేర్చుకున్నాను. బల్బు వెలగకపోతే టీచరు అటు తిరిగి ఇటు తిరిగేలోపల కొత్త బ్యాటరీ పెట్టేదాన్ని. లిట్మస్ కాగితం రంగు మారకపోతే మారేది అందించేదాన్ని. మా పనిలో దాన్ని మోసం అనరు, పనితనం అంటారు.

శ్రావణి ప్రొబేషనులో ఉంది. అంటే, హెచ్.ఎం. మేడం ఒక పాఠం వెనక బెంచీలో కూర్చుని చూసి రిపోర్టు రాస్తారు, అది బాగుంటేనే ఉద్యోగం పర్మనెంటు. ఏలూరు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో ఉంటున్న వాళ్లింట్లో అప్పటికి జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

పరీక్ష పాఠానికి ఆమె ఉష్ణం తీసుకుంది. ముందురోజు సామాను సర్దుతూ నాకు వివరంగా చెప్పింది. పిల్లల తల ఖాళీ కుండ కాదట. అందులో ముందే ఒక ఆలోచన కూర్చుని ఉంటుంది, అది తప్పని వాళ్ల కళ్లకే తెలిసేదాకా కొత్తది దిగదు. అందుకని ముందు ఊహించమనాలి, తర్వాత చేయించాలి, చివర కారణం వాళ్ల నోటే చెప్పించాలి. బి.ఇడి. పుస్తకాల్లో దీన్ని జ్ఞాన నిర్మాణం అంటారట.

మంచు కొనడం దేనికని ల్యాబు ఫ్రిజ్‌లోనే ఒకే కొలత గిన్నెల్లో గడ్డలు కట్టించాను. పాఠం రోజు హెచ్.ఎం. మేడం వచ్చి వెనక కూర్చున్నాక ఒకటి పళ్లెంలో పెట్టాం, ఒకటి ఉన్ని రగ్గులో చుట్టాం. మూడోది, ఎందుకైనా మంచిదని, థర్మకోల్ పెట్టెలో బల్ల కింద ఉంచాను.

ఏది ముందు కరుగుతుందని శ్రావణి అడిగింది.

"రగ్గులది మేడం! రగ్గు వెచ్చగుంటది కద!" అని క్లాసంతా ఒకటే మాట. ఆమె ఒప్పనలేదు, తప్పనలేదు, బోర్డు మీద రాసింది.

నిజానికి రగ్గు బయటి వేడిని లోపలికి రానివ్వదు కనుక అందులోదే ఎక్కువసేపు నిలవాలి. కానీ పిల్లలు ఆగలేదు. బెంచీకొకరు వచ్చి రగ్గు విప్పడం, గడ్డను చేత్తో తడమడం, మళ్లీ చుట్టడం. పళ్లెంలోది కళ్లముందే ఉంది గనక దాన్నెవరూ ముట్టలేదు. చివరకు విప్పి చూస్తే రగ్గులోదే చిన్నదై ఉంది.

"మేం చెప్పినం కద!" అని చప్పట్లు.

హెచ్.ఎం. మేడం తల వంచి రాసుకుంటున్నారు. నేను శ్రావణి దగ్గరికి జరిగి, "మేడం, కింద ఇంకో గడ్డుంది. జెర పిల్లల్ని బోర్డు దిక్కు తిప్పుర్రి, మారుస్త" అన్నాను.

ఆమె ఆ పెట్టె వంక ఒకసారి చూసింది.

"వద్దు యాదమ్మ గారూ. వాళ్లు చూసిందే ఉండనివ్వండి" అని, పిల్లల వైపు తిరిగి, రెండు గడ్డల్నీ మనం ఒకేలా చూసుకున్నామా అని అడిగింది.

వెనక బెంచీ పిల్ల మహేశ్వరి లేచి, "మేడం, పళ్లెంల దాన్ని ఎవ్వరు ముట్టలే" అంది.

"నువ్వే కదనే పిసికింది!" అని పక్కపిల్ల.

"నువ్వు సుత పిసికినవ్! నేనొక్కదాన్నేనా?"

నవ్వులు. అయితే ఏం చేద్దామని శ్రావణి అడిగేసరికి బెల్లు కొట్టారు. బోర్డు మీద తప్పు ఊహ అలాగే మిగిలింది.

మర్నాడు పిల్లలే నియమం పెట్టుకున్నారు: పీరియడ్ అయ్యేదాకా రెండింటినీ ఎవరూ ముట్టరాదు. మహేశ్వరి బల్ల దగ్గర కాపలా నిలబడింది. పళ్లెంలోది సగం నీళ్లయింది, రగ్గు విప్పితే అందులోది దాదాపు పెట్టినట్టే ఉంది. ఈసారి చప్పట్లు లేవు. "రగ్గుకు వేడి లేదు, మన చేతులకుంది" అని ఆ పిల్లే చెప్పింది. ఆ రోజు హెచ్.ఎం. మేడం రాలేదు. రావాలన్న నిబంధనా లేదు.

రిపోర్టులో పాఠం అసంపూర్ణం, ఫలితం తప్పు అని వచ్చింది. రాసినదాంట్లో అబద్ధం లేదు. శ్రావణి ప్రొబేషను ఇంకో ఏడాది పొడిగించారు. ఆమె సంతకం పెట్టి క్లాసుకు వెళ్లిపోయింది.

నేను తెలుసుకున్నది ఇంతే. పిల్లలు తమ తప్పును తామే పట్టుకోవాలంటే ఒక్క పీరియడ్ చాలదు, రెండోది కావాలి. ఆ రెండోదాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ ఏడాది శ్రావణి భరించింది.