వీపున మూట

మేం దీవికి కొత్తగా వచ్చిన రోజుల్లో, మిన్నీ బే అనే సముద్రపు పాయలో ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గాక, మా నాన్న నడుము లోతు దాకా నడిచివెళ్లి గేలం వేసేవాడు. ఇబ్బందల్లా గేలాలూ ఎరా ఉన్న సంచీతోనే. భుజాన వేసుకుంటే తాడు విసిరినప్పుడల్లా జారేది. నడుముకు కడితే ఎర తడిసి పాడయ్యేది. నెత్తిన పెట్టుకుంటే వంగి నీళ్లలోకి చూడడానికి లేదు.

రాంచీ నుంచి వచ్చిన మా పక్కింటి దీదీ పసిబిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకుని, రెండు చేతులా పని చేసుకునేది. అమ్మ ఆమె దగ్గర ఆ ముడి నేర్చుకుని, తన పాత చీరతో సంచీని నాన్న వీపున ఎత్తుగా కట్టింది.

ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు. "ఏటి భయ్యా, పిల్లని ఎత్తుకొచ్చీసినావా?"

నాన్న పట్టించుకోలేదు. సంచీ జారలేదు, తడవలేదు. చేప కోసం కాచుకుని నిలబడ్డప్పుడు మాత్రం ఆయన ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి పోయి, సంచీని మెల్లగా తట్టేది.

అది చూసి అమ్మకు ఒళ్లు మండింది. "నలుగుర్ని కన్నాను. ఒక్కర్నైనా అలా జోకొట్టినాడేటే మీ నాన్న?" అంది నాతో, నీళ్లలో ఉన్న ఆయనకి వినపడేలా.

నాన్న ఒడ్డుకొచ్చి ముడి విప్పి, సంచీ అమ్మ చేతిలో పెట్టి, తడి వీపుతో నా ముందు గొంతుక్కూచున్నాడు.

"ఎక్కు," అన్నాడు.

ఎక్కాను. అప్పటికే నేను పొడుగు పిల్లని. ఆయన వంగి నడుస్తుంటే, ఒడ్డు దాటేదాకా నా కాళ్లు రెండూ ఇసకలో గీతలు గీస్తూనే ఉన్నాయి.