లంక కోడలితోని భూపాలపల్లి కోర్టుకు

నా కోడలు నిల్మినిది శ్రీలంక. మా కొడుకు కువైట్‌ల డ్రైవర్ పని చేసినప్పుడు లగ్గం చేసుకొని తోల్కొచ్చిండు. మహదేవపూర్‌ల కిరాయికున్నప్పుడు కోడలుపిల్ల వీసా గడువు దాటింది. మావోడు రేపు మాపని నాన్చిండు, ఆడి పోలీసోళ్లు కేసు పెట్టిన్రు. ఇప్పుడు గార్లల నా కాడనే ఉంటున్నరు గనీ, భూపాలపల్లి కోర్టు సమన్లు ఈడిదాంక ఎతుక్కుంట వచ్చినయి. జవాబు సక్కగ లేకుంటె దేశం దాటిస్తరన్నడు వకీలు.

పొద్దుగాల ప్యాసింజర్ ఎక్కినం. మానుకోట దాటినంక కూసుండ జాగ దొరికింది. అంతల కొడుకు ఫోన్. "అమ్మా, లారీ జనగామల ఖరాబైంది. నాకు రానీకి కాదు. సాక్ష్యం నువ్వే చెప్పు."

"లగ్గం నువ్వు చేసుకుంటివి, సాక్ష్యం నేను చెప్పాల్నా?" అని ఫోన్ పెట్టేసిన.

వరంగల్‌ల దిగి, హన్మకొండల భూపాలపల్లి బస్సెక్కినం. ఆడోళ్లకు ఫ్రీ గదా, కండక్టర్ ఆధార్ అడిగిండు. నాది చూపిన.

"ఈమెది?"

"లేదు బిడ్డా. గసొంటి కాగితాలు లేకనే కోర్టుకు పోతున్నం."

పైసలు తీసుకొని టికెట్ కొట్టిండు. పక్క సీట్ల అవ్వ నిల్మినిని ఎగాదిగ చూసి "ఏ ఊరు బిడ్డా?" అన్నది.

"గార్ల," అన్నది పిల్ల.

బస్సు పరకాలల ఆగంగనె దిగి, దానికి మిర్చి బజ్జి కొనిచ్చిన. మీరు పోతె ఆడనే తినుండ్రి, కోర్టు కాడ చాయ ఉత్త ఏడినీళ్లు.

పగటీలి అన్నాల యాళ్ల దాటినంక పిలిచిన్రు. నిల్మిని నా ఎనకాలే వచ్చి నిలబడ్డది. జడ్జి మేడం నన్ను అడిగింది: "ఈమె నిజంగా మీ కోడలేనా? కాగితాల కోసం చేసుకున్న పెళ్లి కాదు కదా?"

"మేడం, దినాం నాతోని కొట్లాడుతది. ఏ కూరల జూసినా కొబ్బరిపాలే. నాకు కాలు ఇరిగితె దవాఖానల రాత్రంత కన్ను మూయకుండ, నన్ను తిట్టుకుంటనే సేవ చేసింది. కాగితాల కోడలు గింత చేస్తదా?"

వకీలు దగ్గిండు. మేడం నవ్వాపుకొని, గడువు దాటినందుకు జుర్మానా ఏసింది. మేం పెట్టుకున్న కొత్త వీసా దరఖాస్తు తేలేదాంక పిల్లను పంపొద్దన్నది.

మర్లి వచ్చేటప్పుడు బస్సుల నిల్మిని చానసేపు ఏడ్చింది. "అత్తా, వీసా వస్తె మా అమ్మను చూసొస్త. పోతె మళ్ల రానియ్యరేమోనని ఇన్నేండ్లు అడగలె."

దానికి గీ భయం ఉన్నదని నాకప్పుడే ఎరుకైంది.

"నన్ను గూడ తోల్కపో," అన్న. "ఆడ నన్ను పట్టుకుంటె సాక్షివి నువ్వే."

ముక్కు తుడుసుకుంట నవ్వింది. "ఏమని చెప్పాలె అత్తా?"

"నిజమే చెప్పు. కొట్లాటలు జర తక్వ చెప్పు."