కగేహా కుట్టిన తెర

లుగేరా ఆరోగ్య కేంద్రంలో గుమ్మం పక్క కుర్చీ కగేహాది. ఆవిడ కూర్చునేది అక్కడే అయినా, పిలిచే పిలుపు మాత్రం కొండ అవతలి టీ తోటల దాకా పోయేది. "కడేన్యి అవ్వా! మోకాలి మందొచ్చింది, లేచి రా!" అని కేకేస్తే అవ్వే కాదు, సంతకు పోయేవాళ్ళు కూడా ఆగి తొంగిచూసేవారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అనేవారే. అయినా ఎవరికీ కోపం లేదు. మోకాలి నొప్పి వచ్చాక పదిమందికీ తెలిసి, పదిమందీ అయ్యో అనకపోతే ఇక అది వచ్చి ఏం లాభం?

పెద్ద జబ్బుల సంగతి వేరు. అవి డాక్టర్ అముగునే గదిలోనే ఆగిపోయేవి. మందులన్నీ ఒకే కిటికీలో, ఒకే రకం గోధుమరంగు పొట్లాల్లో ఇచ్చేవారు. ఏ పొట్లంలో ఏముందో కగేహాకే తెలిసేది కాదు, ఇక ఊరికేం తెలుస్తుంది?

అలాంటి చోటికి చట్టం వచ్చింది. మనుషుల సమాచారం బయటికి పొక్కకూడదట. బ్యాంకులోనైనా, చీఫ్ కచేరీలోనైనా, ఆసుపత్రిలోనైనా సరే. శిక్షణకు ఒకరిని పంపమని కౌంటీ నుంచి కబురొస్తే, గుమ్మానికి దగ్గరగా ఉన్నది కగేహాయే కాబట్టి ఆవిడనే పంపారు. తళతళలాడే బూట్లేసుకున్న కుర్ర అధికారి ఒకడు బల్ల గుద్ది మరీ చెప్పాడు. "ఒక్క పేరు బయటపడిందా, జరిమానా కట్టడానికి మీ కేంద్రం అమ్మినా చాలదు!" కగేహా మధ్యాహ్నం కోడికూర, మొక్కజొన్న ఉగాలి ముద్ద తిని, సాయంత్రానికి మెడలో బిళ్ళ వేలాడేసుకుని తిరిగొచ్చింది. బిళ్ళ మీద 'సమాచార రక్షణ అధికారి' అని ఉంది. జీతం పెరగలేదు గానీ ఆ బిళ్ళ చూసుకుంటే జీతం సంగతి గుర్తొచ్చేది కాదు.

ఇక చూసుకోండి! పేర్లు పోయి నంబర్లు వచ్చాయి. టీకాలు వేయించుకున్న పసిపిల్లల ఫోటోలు గోడ మీద ఉండేవి, అవన్నీ పీకేసింది. తల్లులు పోట్లాటకొస్తే బిళ్ళ ఎత్తి చూపించింది. సమాచారం అటునుంచి జారిపోతుందేమోనని వెనక తలుపుకు మేకులు కొట్టించింది.

"తొమ్మిది!" అని పిలిస్తే కడేన్యి అవ్వ కదల్లేదు.

"అవ్వా, నిన్నే!"

"నాకు మా నాయనమ్మ పేరు పెట్టారే. నంబరేయడానికి నేనేమన్నా సంతకొచ్చిన ఆవునా?"

"నీ గోప్యత కోసమే అవ్వా."

"గోప్యతా? అది ఏ మోకాలికి రాసుకోవాలే?"

వరండాలో బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. వారం తిరగకుండానే ఎవరి నంబరేదో ఊరంతటికీ కంఠతా వచ్చేసింది. మటాటు బండిలో కూడా "పదహారుగారు దిగాలి, ఆపవయ్యా" అని అరిచేవాళ్ళు తయారయ్యారు.

అన్నిటినీ మించింది తెర. గుట్టుగా ఉంచాల్సిన జబ్బుకు గుట్టుగా ఒక గది ఉండాలని శిక్షణలో చెప్పారు. లుగేరాలో గుట్టుగా ఉంచాల్సింది క్షయ. కగేహా చవకాలి సంతకు పోయి, పసుపు పిట్టలున్న ఎర్రెర్రని గుడ్డ కొని, స్వయంగా తెర కుట్టి, వరండాలో బల్లకు సరిగ్గా ఎదురుగా ఉన్న గదికి కట్టింది. పైన 'గోప్యం' అని ఇంతేసి అక్షరాలతో రాయించింది. క్షయ మందు ఆ గదిలోనే ఇవ్వాలి, అక్కడే మింగాలి, మింగినట్టు సంతకం పెట్టాలి. ఇక బల్ల మీద కూర్చున్నవాళ్ళకు కాలక్షేపానికి కొదవేముంది? పొద్దున తెర ఎత్తి లోపలికి పోయినవాడి జబ్బు సాయంత్రానికల్లా పిండిమర దగ్గర చర్చకొచ్చేది. బూట్ల అధికారి వచ్చి, భేష్ అని తెరను ఫోటో తీసుకున్నాడు. అది కౌంటీ గోడపత్రిక మీద అచ్చయింది కూడాను. తెర ఎత్తి లోపలికి పోతున్న ఒకావిడ వీపు అందులో చక్కగా పడింది.

కేంద్రం గేటుకు అంటించిన ఆ గోడపత్రిక చూసే కిసియా అక్కణ్ణుంచే వెనక్కి పోయాడు. కిసియా మోటారుసైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుని తిప్పే కుర్రాడు. అప్పటిదాకా అందరితో పాటు కిటికీ దగ్గర పొట్లం తీసుకునేవాడు, వాడికి క్షయ అని ఒక్కరికీ తెలియదు. తెలిస్తే వాడి వెనక ఎవడెక్కుతాడు? తెర గది జాబితాలో ఉన్నవాడు రాకపోయేసరికి కగేహా ఫోన్ చేసింది. "మీరు రావాల్సిన చోటికి రావట్లేదు. ఏ చోటో, ఎందుకో చెప్పకూడదు." వాడు ఫోన్ పెట్టేశాడు.

"మధ్యలో మానితే ముదురుతుంది, ఇంటికెళ్ళి చెప్పు" అన్నాడు అముగునే.

"వెళ్తే పక్కింటివాళ్ళు చూడరూ? చట్టం ఒప్పుకోదు డాక్టర్. రాకపోతే అది వాడి పొగరు."

ఆ మాటన్న కొన్నాళ్ళకే అముగునే ఆవిడను గదిలోకి పిలిచాడు. ఆవిడ పెట్టిన నియమం ప్రకారమే తలుపు మూసి, గొంతు తగ్గించాడు. "కఫం పరీక్షకిచ్చావుగా, నీ దగ్గు ఏమిటో తేలింది కగేహా. నీకూ అదే."

చర్చిలో పాట ఎత్తుకునేది కగేహాయే. ఇక పక్కన నిలబడి ఎవరు పాడతారు?

"ఇవాళ్టి నుంచి సెలవు. మూతికి గుడ్డ కట్టుకో. రేపట్నుంచి రోజూ వచ్చి మందు మింగు, తగ్గిపోతుంది."

"వెనక తలుపు నుంచి వస్తాను డాక్టర్."

"మేకులు కొట్టించావుగా."

"పోనీ చేతికివ్వండి, ఇంట్లో మింగుతాను."

"గదిలోనే మింగాలని రాసిందెవరు?"

ఎవరిని తిట్టుకోవాలి? మర్నాడు ఆవిడ ఇల్లు కదల్లేదు. పొయ్యి మీద ఉగాలి మాడిపోతున్నా లేవలేదు. చస్తానన్న భయం ఒకటి, ఆ తెర ఎత్తాలన్న సిగ్గు ఒకటి. రెండింట్లో సిగ్గే పెద్దదై కూర్చుంది. కిసియాది పొగరు కాదని అప్పటికిగానీ తెలిసిరాలేదు ఆ మహాతల్లికి.

ఆ మరుసటి పొద్దున మూతికి గుడ్డ బిగించి వచ్చి, వరండాలో బల్ల చివర కూర్చుంది. లోపల్నుంచి నర్సు పిలిచింది. "నలభై ఒకటి!"

అది కగేహా నంబరే. ఎదురుగా తన ఎర్ర తెర. తన పిట్టలు. బల్ల మీద అందరూ ఎటో చూస్తున్నట్టు కూర్చున్నారు.

"నలభై ఒకటి!"

గేటు బయట మోటారుసైకిల్ ఆగింది. కిసియా ఎవరినో దింపుతూ, మూతికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడు. చొక్కా వేలాడుతోంది. దగ్గు ఆగాక తెర వంక ఒకసారి చూసి, బండి తిప్పబోయాడు.

కగేహా లేచింది. కొండ అవతలికి వినబడే ఆ పాత గొంతెత్తింది. "నలభై ఒకటేమిటి నా మొహం! కగేహా! జెరూసా కగేహా! క్షయ మందుకు లేచి రా!" మళ్ళీ తనే, "వస్తున్నా!" అని బదులు చెప్పుకుని, పోయి తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కర్రతో సహా ఊడి కింద పడింది.

"అయ్యో, చట్టం!" అంది నర్సు.

"జబ్బు నాది, నోరు నాది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

గుమ్మంలోకొచ్చి, అందరూ చూస్తుండగా మాత్రలు మింగింది. బల్ల మీంచి కడేన్యి అవ్వ అంది.

"మాకు తెలుసులేవే. నెల్లాళ్ళుగా నీ పిలుపు కంటే నీ దగ్గే గట్టిగా వినబడుతోంది. నొచ్చుకుంటావని ఊరంతా నోరు కట్టుకున్నాం."

కగేహాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతలో కిసియా మెల్లగా వరండా ఎక్కాడు. వాడి పేరు పిలవబోయిన కగేహా, అలవాటులేని పనే అయినా, నోరు మూసుకుంది.

"అక్కకిచ్చినవే నాకూ ఇవ్వండి" అన్నాడు వాడే, నర్సుతో.

బల్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. కడేన్యి అవ్వ కర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"తొందరగా మింగరా కిసియా, మూతికి ఆ గుడ్డ గట్టిగా కట్టుకో. నన్ను సంత దాకా దింపాలి. నీ వెనకే కూర్చుంటా."