నా గ్లాసు, నా భయం

మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెబుతాను. గ్రీకు భాష నాకు రాదు. అయినా నీళ్లకు గ్రీకులు వాడే ‘హైడ్రో’ అనే ఒక్క మాట పట్టుకుని ఏటా ఒక పీరియడంతా లాగిస్తాను. నీటిని పుట్టించేది హైడ్రోజన్, ఒంట్లో నీరు తగ్గితే డీహైడ్రేషన్, తలలో నీరు చేరితే హైడ్రోసెఫలస్. హైడ్రోసీల్ అనగానే వెనక బెంచీలు నవ్వుతాయి కనుక దాన్ని దాటేస్తాను. చివర్లో గొంతు తగ్గించి హైడ్రోఫోబియా చెబుతాను. పిచ్చికుక్క కరిచి రేబిస్ ముదిరితే మనిషి దాహంతో అల్లాడుతూ కూడా నీళ్లు చూసి వణికిపోతాడని, ఇక అప్పుడు ఏ మందూ పనిచేయదని. క్లాసంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు మహా ఇష్టం.

మొన్న ఎండాకాలంలో, లాల్‌గడి మలక్‌పేట్‌లో మా ఇంటి పక్క కొత్త వెంచర్‌లో షుగరు తగ్గాలని నడుస్తుంటే ఒక కుక్క వచ్చి నా పిక్క పట్టుకుంది. సబ్బుతో కడుక్కుని ఆస్పత్రికి పరిగెత్తాను. రాసిన సూదులన్నీ వేయించుకున్నాను. ఇక ఫరవాలేదన్నాడు డాక్టరు. అక్కడితో ఊరుకుంటే నేను సైన్సు సారునెందుకవుతాను?

మర్నాటి నుంచి పరీక్ష మొదలుపెట్టాను. గ్లాసు నీళ్లు ముఖం ముందు పెట్టుకుని కాసేపు చూడడం, భయం వేస్తోందా అని నన్ను నేనే అడుక్కోవడం, తర్వాత గటగటా తాగడం. స్టాఫ్‌రూములో, పెళ్లి భోజనాల్లో, ఎక్కడైనా ఇదే పని. ఒకసారి శామీర్‌పేట చెరువు కట్ట మీద బండి ఆపి నీళ్లకేసి అదేపనిగా చూస్తుంటే, దారిన పోయే పెద్దాయన వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏం కష్టమొచ్చింది బిడ్డా? ఇంటికి పో. అన్ని సదురుకుంటయి."

ఆ సంగతి చెబితే మా ఆవిడ పడీ పడీ నవ్వింది.

"ఓ సారూ, గిట్ల తాగుతె రోగం రాదు గని, మన ట్యాంకు ఒడుస్తది!"

నేనూ నవ్వాను. లోపల మాత్రం చచ్చిపోతానని నిజంగానే భయపడుతున్నాను. ఆ మాట ఆమెతో అనలేక ఇంకో గ్లాసు తాగేవాణ్ని.

ఒక ఆదివారం కూరలో ఉప్పు దగ్గర మాటామాటా పెరిగింది. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టింది. "నాకొద్దు" అని గ్లాసు పక్కకు తోసి ముఖం తిప్పుకున్నాను.

ఎంతసేపటికీ చప్పుడు లేదు. తిరిగి చూస్తే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కోపమొస్తె నన్ను తిట్టు. నీళ్లు మాత్రం వద్దనకు," అంది. "గా కుక్క కరిసినప్పటిసంది నేను నీ గ్లాసే చూస్తున్న."

క్లాసులో నేను ముచ్చటపడే నిశ్శబ్దమే అది. ఇంట్లో మాత్రం ఒక్క క్షణం భరించలేకపోయాను. గ్లాసు అందుకుని ఆమె చూస్తుండగా చివరి చుక్క దాకా తాగి, ఇంకోటి తెమ్మన్నాను.