కళ్ళు తెరవని మా వీధి

డ్రాయింగు అయ్యవారు పోయారని తిరుపతి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఏట్లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బట్ట ఉతుకుతున్నాను. గట్టు మీదున్న మా ఆవిడ ఫోను ఎత్తి, విని, నావైపు చూసి ఒక్క మాటే అంది. "సామి పోయినాడంట." బట్ట వదిలేస్తే ఏరు తీసుకుపోతుంది. దాన్ని పట్టుకునే నిలబడ్డాను. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అయ్యవారి మీద కాదు, రెండు దేశాల కళాకారులను అటూ ఇటూ పంపడానికి గ్రాంటు ఇచ్చే ఆఫీసు మీద. వాళ్ళ మూలాన నేను బొమ్మలు రాసిన బట్ట ఒకటి ఫిన్లాండు దేశంలో ఏళ్ళ తరబడి కళ్ళు తెరవకుండా వేలాడుతోంది. ఆ బట్ట మీద అయ్యవారు కూడా బొమ్మగా ఉన్నారు. ఆయనకూ కళ్ళు లేవు. పెట్టించుకోకుండానే పోయారు.

ఆయన పేరున ఈ సంచిక వేస్తున్న శిష్యులు అయ్యవారి గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. నేను బడికి పోయింది తక్కువ. అక్షరాలు నేర్చుకున్నది బట్ట మీదే, బొమ్మల కింద పేర్లు రాస్తూ. మాది కాళహస్తి. బట్ట మీద కలంతో బొమ్మలు రాసే కలంకారీ మా నాయన పని, ఆయన నాయన పని. ఈ పనిలో నన్ను మించినవాడు ఈ ఊళ్ళో లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. కాబట్టి నేను రాసింది నున్నగా దిద్దవద్దని ముందే చెప్పాను.

అయ్యవారిది తిరుపతిలో కోవెల కైంకర్యం చేసే కుటుంబం. నాయన గుడిలో, అన్న గుడిలో. ఈయన మాత్రం బొమ్మల చదువు చదివి కాలేజీలో డ్రాయింగు చెప్పారు. రిటైరైన తర్వాత మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. బస్సు దిగి వచ్చేవారు. నుదుట నామం, భుజాన సంచి, సంచిలో తన నీళ్ళు, తన దద్దోజనం. మొదటిసారి వచ్చిననాడు మేము రంగు పట్టేందుకు బట్టలను కరక్కాయ పిండి కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఆరేసి ఉన్నాము. ఆ వాసన అలవాటు లేనివాళ్ళకు కష్టం. అయ్యవారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

"ఏంది సామీ, గుళ్ళో అభిషేకం పాలైతే కమ్మంగా ఉంటాయి, మా యింటి పాలైతే కంపా?"

ఆయన ఉత్తరీయం తీసేశారు. నవ్వారు. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఊగుతాయి. ఆ తర్వాత ఎప్పుడూ ముక్కు మూసుకోలేదు. కొన్నాళ్ళకు మా ఆవిడ చేతి కాఫీ కూడా తాగారు. పెన్సిలు చెక్కితే ఆ పొట్టు కింద పడేసేవారు కాదు, చొక్కా జేబులో వేసుకునేవారు. "నీ జేబులో ఎలకలు పిల్లలు పెడతాయి సామీ" అనేవాణ్ణి. "పెట్టనీలే, వాటికీ చిత్రలేఖనం వస్తాది" అనేవారు.

ఒకరోజు ఈ గ్రాంటు సంగతి తెచ్చారు. ఆ దేశం చిత్రకారిణి ఒకరు ఇక్కడికి వస్తారు, ఇక్కడివాళ్ళతో కలిసి ఒక పని చేస్తారు, తర్వాత ఆ పని అక్కడికి పోతుంది, ఖర్చు రెండు ప్రభుత్వాలదీ అన్నారు. సమకాలీన కళకు మాత్రమే ఇస్తారట.

"అంటే ఏంది సామీ?" అని అడిగాను.

"నువ్వూ నేనూ బతికుండంగా జరిగేదన్నా" అన్నారు.

"అయితే నేను రాసేదీ అదేగదా. నేనేం చచ్చిపోయి రాస్తాండానా?"

"అదే మాట వాళ్ళకూ చెప్పాల" అని భుజాలు ఊపుతూ నవ్వారు.

ఫిన్లాండు అమ్మాయి వచ్చింది. పొడుగు మనిషి, మా గుమ్మానికి తల కొట్టుకోని రోజు లేదు. వాళ్ళ దేశంలో తెల్ల బెరడు చెట్లుంటాయట, అవే రాస్తుంది. పెద్ద బట్ట మీద అంచు నుంచి అంచుదాకా ఆ చెట్లు నిలబెట్టింది. మా ఆవిడ చూసి, "మన రోడ్డు పక్క చెట్లకు పంచాయితీవోళ్ళు సున్నం కొట్టినట్టుండాదే" అంది. అయ్యవారు ఆ మాటను ఆ అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పారు. ఆ పిల్ల మా ఆవిడను గట్టిగా పట్టుకుని నవ్వింది.

ఆ చెట్ల మధ్య నేను ఏం రాయాలన్నది ప్రశ్న. దేవుళ్ళను రాస్తానన్నాను. అయ్యవారు ఒప్పుకోలేదు.

"దేవుళ్ళకు గుళ్ళుండాయి గదన్నా. నీ వీధిలో వాళ్ళకు యాడుండాది చోటు? వాళ్ళను రాయి."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోనాడు కలం పట్టుకున్నాను. శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు కోసం మెడలో కార్డులు వేసుకుని నిలబడే ఆడపిల్లలను రాశాను. గుడి దగ్గర పూలమ్మే ఆమెను రాశాను. బట్ట పిండుతున్న మా ఆవిడను రాశాను. ముందువరసలో అయ్యవారిని, నామంతో సహా. మా నాయన దేవతలకు పెట్టిన వయ్యారమే, మడత మడతకూ అదే గీతే, ఫ్యాక్టరీ పిల్లల చున్నీలకు పెట్టాను. అంత మంచి బట్ట నా జన్మలో రాయలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బట్టంతా పూర్తి చేస్తాము, కళ్ళలో నల్లచుక్క మాత్రం పెట్టము. ఆ బట్ట ఏ గుడికి పోతుందో ఆ గుడికి మేమే పోయి, వేలాడదీసి, ఆ కంటి మీద కరక్కాయ రసం అద్ది, అప్పుడు కసిమితో చుక్క పెడతాము. కసిమి అంటే ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి చేసే నలుపు. ఎవరు ఎదురుగా నిలబడతారో, వాళ్ళను చూస్తూ కళ్ళు తెరవాలి. మా నాయన అలాగే చేశాడు. అది దేవుళ్ళకు కదా, మనుషులకు ఎందుకని అయ్యవారు అడిగారు.

"మనుషులు మాత్రం ఎదురుగా ఎవరుండారో చూడొద్దా సామీ?" అన్నాను.

బట్ట ఓడెక్కింది. వెనకనే నేను విమానమెక్కుతానని అనుకున్నాను. అప్పుడు ఆఫీసు నుంచి ఒకాయన ఫోను చేశాడు. అయ్యవారు స్పీకరు పెట్టారు కాబట్టి నేనూ విన్నాను. ప్రయాణం ఖర్చు సమకాలీన కళాకారులకే వస్తుందట. నేను చేతివృత్తి నిపుణుణ్ణట, దానికి వేరే పథకం ఉందట. అయ్యవారి గొంతు పెరగడం అదొక్కసారే విన్నాను.

"చేత్తో రాయని చిత్రకారుడు యాడుండాడో చెప్పండి సార్, నేను పొయ్యి సూసొస్తా."

అవతలాయన ఫోను పెట్టేశాడు. అయ్యవారికి టికెట్టు వచ్చింది. ఆయన పోనన్నారు. నేనే పొమ్మన్నాను, బట్ట ఎట్లా కట్టారో ఒక చూపు చూసి రావాలి కదా.

అక్కడి మ్యూజియం నుంచి వీడియోలో కనబడ్డారు. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, పక్కన ఆ అమ్మాయి. వెనక గోడ నిండా మా వీధి. అక్కడివాళ్ళు ఆ తెల్ల కళ్ళు కావాలనే అట్లా వదిలేశామనుకున్నారు. చూపు పోగొట్టుకున్న జనం అని గోడ మీద రాసి పెట్టారు. కొత్త తరహా ఆలోచన అని మెచ్చుకున్నారు. అయ్యవారు అది చదివి చెబుతూ భుజాలు ఊపారు. నాకు నవ్వు రాలేదు. మా ఆవిడ అయితే ఫోను లాక్కుని, "సామీ, నాకు శుక్లాలు కూడా లేవే! నన్ను పరాయిదేశంలో గుడ్డిదాన్ని చేసి ఏలాడదీస్తారా?" అని నిలదీసింది.

"చుక్కలు నువ్వే పెట్టు సామీ, కలం ఇప్పిస్తారు" అన్నాను. కోపంతోనే అన్నాను.

"నా చెయ్యి మంచిదేనన్నా, కానీ ఆ మనుషులు నాకు ఎదురు రాలేదు, నీకు వచ్చినారు. నువ్వు రావాల" అన్నారు. ఆ అమ్మాయికి ఏం చెప్పారో తెలియదు, ఆమె అప్పటికప్పుడే పోయి గోడ మీదున్న ఆ రాతను పీకించింది. దాని చోట ఇంకొకటి పెట్టించింది. ఇది పూర్తి కాలేదు, రాసిన మనిషి రావలసి ఉంది అని. ఈనాటికీ ఆ మాటే ఉందట. ప్రతి ఏటా ఫొటో పంపుతుంది. అంతదూరంలో, నా భాష రాని పిల్ల, నా మాట నిలబెట్టింది. నా ప్రభుత్వం ఆఫీసు నిలబెట్టలేదు.

శిష్యులు చందా వేసుకుని నన్ను పంపుతామన్నారు. నేను ఒప్పుకోలేదు, అయ్యవారూ ఒప్పుకోలేదు. "అన్న చుట్టపుచూపుగా పోతే చాలదబ్బా, చిత్రకారుడని పిలిపించుకోని పోవాల" అని వాళ్ళకు చెప్పారు. అప్పటినుంచి గ్రాంటు ప్రకటన పడిన ప్రతిసారీ దరఖాస్తు పెట్టారు. కాదన్న ప్రతిసారీ బస్సెక్కి మా ఇంటికి వచ్చి, ఆ సంగతి తానే చెప్పి, కాఫీ తాగి పోయేవారు. కాదన్న వార్త మనిషి నోట వినాలి, కాగితంలో చూడకూడదని ఆయన పట్టింపు. ఒక్కసారి కూడా "ఇంక వదిలేద్దామన్నా" అని అనలేదు.

ఈ ఏడాది ప్రకటనలో మాట మారింది. చేతిపనివాళ్ళు, చిత్రకారులు అనే తేడా తీసేశారట. అయ్యవారు తిరుపతి నుంచి పరుగున వచ్చారు. మా వాకిట్లోనే కూర్చుని రాశారు. బట్టను కాళహస్తికి తెప్పించి ఇక్కడ చూపించాలి, లేదా నన్ను అక్కడికి పంపాలి, రెంటిలో ఏదైనా సరే. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "ఈసారి అవుతాదన్నా. నాకు మాత్రం మంచి కండ్లు పెట్టు. కోపమొచ్చిందని గుడ్లగూబ కండ్లు పెట్టబాకు" అన్నారు.

"నువ్వు ఎదురుగా నిలబడు, నీకెట్లుంటే అట్లే పెడతా" అన్నాను.

అదే ఆయన మా ఇంటికి ఆఖరుసారి రావడం. గుండె ఆగి నిద్రలోనే పోయారు.

దినాలు అయిన తర్వాత శిష్యురాలు ఒకామె ఆఫీసుకు ఫోను చేసింది. దరఖాస్తు పెట్టిన మనిషి లేడు కాబట్టి ఫైలు మూయవలసి వస్తుందేమో, పైవాళ్ళను అడిగి చెబుతామన్నారట. ఆ చెప్పడం ఇంకా కాలేదు. అవుతుందనే నా నమ్మకం. రాతలో మాట మార్చినవాళ్ళకు మనసులో మార్చుకోవడం ఎంతసేపు? ఆ అమ్మాయీ ఫోను చేసి ఏడ్చింది. మ్యూజియంవాళ్ళు దేనికైనా సిద్ధమేనంది.

ఆయన పోయినప్పటినుంచి రోజూ పొద్దున్నే చింకిబట్ట మీద అయ్యవారి కళ్ళు రాస్తున్నాను. మొదట్లో కుదరలేదు, ఎవరివో కళ్ళు వచ్చేవి. నవ్వినప్పుడు ఆయన ఎడమ కన్ను కొంచెం ముందు మూసుకుంటుందని చేతికి గుర్తుకొచ్చింది, నాకు కాదు. మొన్న కుదిరింది. మా ఆవిడ చెంబు పట్టుకుని పోతూ ఆగి, బట్ట మీదున్న ఆ రెండు కళ్ళ ముందు కొంగు సర్దుకుని, "ఎప్పుడొచ్చినావు సామీ?" అంది.

ఈ సంచిక గ్రాంటు ఆఫీసుకూ పోతుందని చెప్పారు. అయ్యా, దరఖాస్తు పెట్టిన మనిషి లేడు, నిజమే. ఆ పని చేయవలసిన మనిషి ఉన్నాడు, చెయ్యి వణకడం లేదు, కలం తడిగానే ఉంది. బట్టను ఇక్కడికి తెప్పిస్తారా, నన్ను అక్కడికి పిలుస్తారా? వచ్చే జనవరి ముప్పై ఒకటో తారీఖు, సాయంకాలం మీరు ఆఫీసు తలుపు వేసేలోపల నాకు జవాబు కావాలి. కాగితం వద్దు, మనిషి వచ్చి చెప్పండి.