మాపటికి వచ్చే జవాబు

మొన్న సెలవు రోజున దుబాయ్ కరామాలో సెలూన్‌లో కూర్చుంటే పక్క కుర్చీ అతని ఫోన్‌లో మా వైపు నాట్ల పాట వచ్చింది. వెనక బాజాలు, ఆడగొంతు, మగగొంతు వెంటవెంటనే. బాగానే ఉంది గానీ, మరీ తొందరగా అయిపోయినట్టు అనిపించింది. నేను ఆ పాట విన్నది చరణానికీ చరణానికీ మధ్య పూటంత ఖాళీతో మరి.

కరోనా వచ్చిన ఏడు సోనాపూర్ లేబర్ క్యాంపులో నా కింది మంచం ఒక పెద్దన్నది. జగిత్యాల పక్క పల్లె, తాపీ పని. విమానాలు ఆగిపోయి, గది దాటనివ్వని రోజులు. ఫోన్ కలిసినా మాట తెగిపోయేది. అందుకని ఊళ్ళో ఉన్న వదినా ఆయనా వాయిస్ మెసేజ్‌లలో పాడుకునేవారు. పొద్దున ఆయన తన చరణం పంపితే, ఆమె పొలం నుంచి వచ్చి మాపటికి జవాబు పంపేది. "గడ్డం నెరిసినంక గూడ చెయ్యి ఇడువవు గద పిల్లా" అని ఈయన. "కండ్లు మసకైనా నీ అడుగు గుర్తువడ్త బావా" అని ఆమె. సాయంత్రం చాయ్ దగ్గర గదంతా ఆ జవాబు కోసం కాచుకునేది. మా ఊరి గ్రంథాలయంలో అరలన్నీ తిరగేసినవాణ్ణి కనక, ఇలాంటి జంట పాటలు ఎలా పుట్టాయో చదివింది చెప్పబోయాను. "పుస్తకంల నాటేస్తే మొలుస్తదా తమ్మీ" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

విమానాలు మొదలుకాగానే వచ్చేస్తానని వదినకు మాటిచ్చాడు. తీరా మొదలయ్యాక ముదీర్, అదే మా మేనేజర్, ఇప్పుడు వెళ్తే మళ్ళీ వీసా రాదన్నాడు. పెద్దన్న ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టాడు, ఆమెకు చెప్పకుండా. ఊరికి వెళ్ళిన మా గదివాడొకడు ఆమె దగ్గర నోరుజారాడు. అప్పటి నుంచి జవాబు రావడం ఆగిపోయింది. ఆయన మాత్రం రోజూ అదే గడ్డం చరణం పంపేవాడు. సాయంత్రాలు చాయ్ చల్లారిపోయేది.

ఒకనాడు మెసేజ్ వచ్చింది. పాట మొదటి నుంచి చివరి దాకా ఉంది. ఆయన చరణాలూ ఆమే పాడింది, ఎక్కడా ఆగకుండా. చివర మామూలు గొంతుతో, "నీ వంతు గూడ నేనే నేర్సుకున్న. ఇగ నువ్వు పంపకున్నా నడుస్తది" అంది.

పెద్దన్న దాన్ని రెండోసారి వినలేదు. మర్నాడు ముదీర్ ముందు నిలబడి ఖలాస్, ఇక పని చాలని చెప్పి, టికెట్ దొరకగానే వెళ్ళిపోయాడు. నేనిక్కడే ఉన్నాను. మా ఇంటామె పాడదు. ఎప్పుడు అడిగినా అంతా బాగానే ఉందంటుంది. ఇంటి దగ్గరి కాలం మన కోసం ఆగి ఉంటుందనుకుంటాం గానీ, అది మన వంతు కూడా గడిపేసుకుంటూ వెళ్ళిపోతుంది.